సరైన రీడింగ్

కరెంటు కొలిచే మల్టీమీటర్‌ను, మూడోదాన్ని కూడా, వెనక్కి తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు హనుమత్ప్రసాద్. చెమటకు చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఇదీ పనికిరాదండీ."

అమీర్‌పేట మెట్రో వెనక గల్లీలో రాజనర్సయ్య ఎలక్ట్రికల్ షాపు పెట్టి ఇరవై ఏళ్లు. ఇలాంటి కస్టమర్ ఎప్పుడూ తగల్లేదు. నాలుగు రోజుల్లో ఇది మూడో వాపసు.

"గిప్పుడేమైంది సార్?"

"మొదటిది అరవై నాలుగు వోల్టులు చూపించింది. రెండోది డెబ్బై ఒకటి. ఇదేమో యాభై ఎనిమిది. అదే గీజరు, అదే కుళాయి. దేన్ని నమ్మమంటారు?"

హనుమత్ప్రసాద్‌కి పంజాగుట్టలో లేడీస్ హాస్టల్ ఉంది. నలభై మంది అమ్మాయిలు. రెండో అంతస్తు బాత్రూంలో కుళాయి పట్టుకుంటే షాక్ కొడుతోందని వారం నుంచీ గోల. ఐదు రోజుల క్రితం సుమశ్రీ అనే అమ్మాయి ఆ షాక్‌కి వెనక్కి పడిపోయింది. తలకి మూడు కుట్లు పడ్డాయి. ఆ పిల్ల తండ్రి ఫోన్లో అన్న మాటలు ఇంకా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచీ హనుమత్ప్రసాద్‌కి తిండి సయించడం లేదు.

"కంపెనీ కంపెనీకి జర తేడా ఉంటది సార్" అన్నాడు రాజనర్సయ్య ఓపిగ్గా. "కానీ మూడూ ఒక్కటే చెప్తున్నయి కదా. కుళాయిల కరెంటొస్తుంది. గీజర్ల ఎలిమెంట్ పోయినట్టుంది, ఎర్తింగ్ సుత సక్కగ లేదు. మంచి ఎలక్ట్రీషియన్‌ను పంపిస్త."

"అది తర్వాత చూద్దామండీ. ముందు మీటరు సంగతి చూడండి. సాయంత్రం ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు వస్తున్నారు. ఇంకో నలుగురు తల్లిదండ్రులు కూడా. వాళ్లందరి ముందూ నేనే కొలిచి చూపిస్తానని మాటిచ్చాను. అప్పుడు తేడా వస్తే నా పరువేం కాను?"

రాజనర్సయ్య నిట్టూర్చి ఇంకో నాలుగు డబ్బాలు దింపాడు. రెండు పసుపువి, రెండు ఎర్రవి. రంగూ, పేరు చివర ఒక్క అంకే తప్ప వాటి మధ్య వేరే తేడాయే కనిపించదు. ఒక్కోదాని తీగలూ కౌంటర్ పక్క ప్లగ్గులో పెట్టి చూపించాడు. 231. 229. 232. 230.

"చూడుండ్రి. మస్తు పర్ఫెక్ట్."

హనుమత్ప్రసాద్ నుదురు కొట్టుకున్నాడు.

"ఇవీ వాటిలాంటివే కదండీ! వేరే రకం లేవా?"

"ఉన్నయన్నీ ముందల పెట్టిన సార్! ఇంకేం జూపియ్యాలె?" రాజనర్సయ్యకి ఓపిక చచ్చింది. "ఏది గావాల్నో మీరే చూస్కోండి" అని వైరు చుట్ట కోసం వచ్చిన ఇంకొకాయన వైపు తిరిగాడు.

హనుమత్ప్రసాద్ ఒక్కడే కౌంటర్ అంతా కెలికాడు. మూలనున్న అట్టపెట్టెలో ఇంకో పసుపు మీటరు కనిపించింది. ప్లగ్గులో పెట్టాడు.

సున్నా.

తీసి మళ్లీ పెట్టాడు. గట్టిగా నొక్కాడు. సున్నా.

రాజనర్సయ్య చూసి పరుగున వచ్చాడు.

"అది ముట్టకుండ్రి సార్! ఖరాబ్ పీసు. నిన్న ఒకాయన వాపస్ ఇచ్చిండు, కంపెనీకి పంపాలె. నిండ కరెంటున్నా సున్ననే చూపిస్తది. దాన్ని నమ్మి చెయ్యి పెట్టినోని పానం పోతది!"

హనుమత్ప్రసాద్ ఐదు రోజుల తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకుని, "ఇదే ప్యాక్ చెయ్యండి" అన్నాడు.