ఆ మూడు వారాలు

గౌరునాయుడు సముద్రంలో గాలిమరల మరమ్మతు పని ముగించుకొని నాలుగు నెలలకు ఇల్లు చేరాడు. వీధి గుమ్మంలోనే చేతి కడియం చూపించాడు. ఒంట్లో చెడ్డ రోగం లేకపోతే అందరి కడియాలూ పచ్చగా వెలిగే రోజులవి. భార్య పైడితల్లి తన కడియాన్ని దానికి ఆనించింది. రెండూ పచ్చగా వెలిగాయి. పక్కింటి ఆదెమ్మ గోడ మీదుగా చూసి నవ్వింది.

"ఇంకేటి పిల్లా, తలుపేసుకో! పొయ్యి మీద పులుసు నాను సూత్తాన్లే."

ఆ పచ్చ వెలుగు చూశాక ఏ ఇల్లాలూ భర్తను కండోమ్ అడగదు. అడిగితే అతన్ని తిట్టినట్టే. నాలుగు నెలలుగా మంచంలో అతని ఖాళీ చోటు మీద చెయ్యి వేసుకొని నిద్రపోయిన పైడితల్లికీ అడగాలని లేదు. అయినా గదిలోకి రాగానే దిండు పక్కన ప్యాకెట్ పెట్టింది.

గౌరునాయుడు ముఖం ముడుచుకున్నాడు. "ఏటే ఇది? పచ్చగా ఎలుగుతుంటే అవుపడనేదా?"

"అవుపడింది మావా. కొత్తగా అంటుకున్నది మూడు వారాల దాకా కడియానికి తెలీదని ఆసుపత్రి నర్సమ్మ సెప్పింది. ఆ మూడు వారాలే."

కోప్పడతాడనుకుంది. వాళ్లమ్మను పిలిచి పంచాయితీ పెడతాడని కూడా అనుకుంది. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుంది. అతను మాత్రం తల దించుకొని, మారుమాట లేకుండా ప్యాకెట్ అందుకున్నాడు.

ఒక్క మాటైనా పోట్లాడితే బాగుండునని పైడితల్లి ఎంతగానో కోరుకుంది.