చీటీలు వద్దు

“చీటీలేసి తీసేదానికి ఇదేమన్నా లాటరీనా మేడమ్?” చిక్కమునియప్ప బల్ల గుద్దినంత పని చేశాడు.

పీణ్యా పారిశ్రామికవాడలోని ఆ స్టీలు మిల్లులో ఒక ఫర్నేసు ఆర్పేశారు. దాని దగ్గర పనిచేసేవాళ్ళలో ఒకరు ఇంటికి పోవాలి. ఎవరో తేల్చడానికి హెచ్చార్ అనసూయ, ఆ ఫర్నేసు మేస్త్రీ, యూనియన్ లీడరూ అయిన చిక్కమునియప్పను పిలిపించింది. పిలవకపోయినా అతని వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు హేమంత్‌కుమార్. చిక్కమునియప్ప చెల్లెలి కొడుకు. నిరుడు మేనమామే చెయ్యి పట్టుకుని తెచ్చి పనిలో పెట్టించాడు.

“చీటీలైతే ఎవరికీ ఎవరి మీదా కోపం ఉండదు కదండీ,” అంది అనసూయ.

“రూలుండాది మేడమ్. ఆఖర్న చేరినోడు ముందు పోవాల.”

రూలు పేరెత్తితే చిక్కమునియప్పకు దేవుడు అడ్డమొచ్చినా కనపడడు.

“మామా, చీటీలే వేద్దాం మామా. ఆ రూలు వద్దు,” అన్నాడు హేమంత్.

చిక్కమునియప్ప మనసు చివుక్కుమంది. వీడి పెళ్ళానికి నెలలు నిండుతున్నాయి. చెల్లెలికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? కానీ సొంత మేనల్లుడి కోసం రూలు వంచితే, రేపు మిల్లులో తన మాట ఎవరు వింటారు?

“సుమ్మనుండరా, నోరెత్తొద్దు. నా అల్లుడివని నీకొక రూలు, ఊరికొక రూలా?”

“అది కాదు మామా. ఒక్క నిమిషం బయటికి రా, చెప్తా.”

“బయటికి పిల్చుకోని పోయి ఏడుస్తావు. నేను కరిగిపోతా. రాను పో.”

హేమంత్‌కు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఆలోచించుకోండి. ఖాయం చేశాక మళ్ళీ మార్చడం నా చేతిలో ఉండదు,” అంది అనసూయ.

“మాటంటే మాటే. ఉగాదికి మమ్మల్నందరినీ కొత్త కంపెనీ కిందికి మార్చినారే, అప్పుడు గూడా నా మాట నమ్మే కదా అందరూ సంతకాలు పెట్టింది. ఈ పొద్దు నేను మాట తప్పేది లేదు.”

అనసూయ కంప్యూటర్‌లోకి చూసింది. కొత్త కంపెనీ జాబితాను కిందిదాకా చదివింది.

“మునియప్పగారూ, పాత సర్వీసు అప్పుడే సెటిల్ అయిపోయింది. ఇప్పుడు కొత్త కంపెనీలో చేరిన వరసే లెక్క.”

“ఏ వరస చూసినా వీడే కదా మేడమ్. రాసేయండి.”

ఆ మాట అనేసి లేచి మేనల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

“నన్ను తిట్టుకోరా అప్పా. నేనే తెచ్చి చేర్పిస్తి, నేనే పంపిస్తా ఉండా.”

హేమంత్ ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

“ఉగాదికి మొట్టమొదటి సంతకం నాతోనే పెట్టిస్తివి కదా మామా. అందరివీ అయినాక, ఆఖర్న సంతకం పెట్టి చేరింది నువ్వే.”