కుచ్చుల గౌను

మూడోసారి ఫోన్ మోగింది. తెర మీద 'నాయన' అని కనబడేసరికి నవీన్ దాన్ని మంచం మీద బోర్లా పెట్టాడు.

"ఎత్తరా, పాపం ఎన్నిసార్లని చేస్తాడు?" అన్నాడు రబ్బానీ, నవీన్ వేసుకున్న గౌనుకు వెనక నాడా బిగిస్తూ.

"నిన్న నెట్లో పెట్టిన ఫోటో చూసింటాడు. నా చదువు ఈ పొద్దుతో సరి."

జపాన్‌లో హరాజుకు అని ఓ పేట ఉంది. అక్కడి కుర్రకారు లేసులు, కుచ్చుల గౌన్లు, రంగు జుట్టు, బొమ్మల్లాంటి కళ్లతో వీధుల్లో తిరుగుతారు. ఆడా మగా అని చూడరు, ఎవరికి నచ్చింది వాళ్లు తొడుక్కుంటారు. ఆ మోజు సముద్రాలు దాటి వచ్చి కడపలో డిగ్రీ చదివే ఈ ఇద్దరికీ అంటుకుంది. గౌను కుట్టేది రబ్బానీ, వేసుకునేది నవీన్. అద్దం ముందు అలా నిలబడితే నవీన్‌కి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఎందుకంటే చెప్పలేడు. ఆదోని పక్క పల్లెలో ఉన్న తండ్రి దేవేంద్రప్పకు అసలే చెప్పలేడు. కొడుకు జుట్టు చెవులు దాటితే రెక్క పట్టి కటింగ్ షాపుకు లాక్కుపోయే మనిషాయన.

రబ్బానీయే చొరవ చేసి ఫోన్ నొక్కి చేతిలో పెట్టాడు.

"యాడుండావురా?"

"రూములోనే నాయనా."

"పక్కింటి గిడ్డయ్య సెల్లులో నీ ఫోటో చూపించె. ఆ గౌనేసుకోని ఉండేది నువ్వేనా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు. "నేనే" అన్నాడు.



"ఆ కండ్లు ఎవరు దిద్దినారు?"

"నేనే దిద్దుకున్నా."

"నీ చేత్తోనేనా?"

"ఆ."

"మూతికి రంగు?"

"అదీ నేనే. రబ్బానీని ఏమీ అనాకు నాయనా, వాడు వద్దన్నా నేనే వినల్యా."

వాడు ఏనాడూ వద్దన్న పాపాన పోలేదు. అయినా ఆ క్షణంలో రబ్బానీ బుద్ధిమంతుడిలా తల ఊపాడు, ఫోన్లో కనబడుతుందన్నట్టు.

"ఎన్ని దినాల నుంచి చేస్తాండావు ఈ పని?"

"రెండేండ్లు."

"రెండేండ్లు!" అన్నాడు దేవేంద్రప్ప. "ఇంట్లో ఒక్క మాటన్నా చెప్పకపోతివే."

తిట్టినా బాగుండేది. ఆ మాటకు నవీన్ అంత కష్టపడి దిద్దుకున్న కళ్లు తడిశాయి.

"తిడితే తిట్టు, కొడితే కొట్టు నాయనా. చదువు మాత్రం మాన్పించాకు. నేనేం దొంగతనం చేయల్యా. ఇట్లుంటే నాకు శానా బాగుంటాది. అంతే."

"ఇప్పుడు గూడా అదే వేసుకోని ఉండావా?"

"ఉండా."

"అయితే వీడియో పెట్టు."

"నాయనా..."

"పెట్టరా, ఈడ టైము ల్యాదు!"

రబ్బానీ వద్దు వద్దని చేతులు ఊపాడు. మునిగినవాడికి చలేమిటి? నవీన్ గట్టిగా కళ్లు మూసుకుని తెర మీద నొక్కాడు. పిడుగు పడుతుందని కాచుకున్నాడు. పడలేదు. భయం భయంగా ఒక కన్ను తెరిచాడు.

తెర నిండా ఎర్ర పట్టుచీర, సవరం జడ, మూరెడు కనకాంబరాలు, ముక్కుపుడక. చెంపల మీదికి కారిన కాటుక. ముక్కుపుడక కింద, నవీన్ పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మీసం.

"పోయినేడు నీకు డెంగీ వచ్చినప్పుడు, నువ్వు బతికొస్తే మన ఊరి మగోళ్ల మాదిరే నేనూ హోళీకి చీర కట్టుకోని గుడికి వస్తానని రతీమన్మథులకు మొక్కుకుంటి" అన్నాడు దేవేంద్రప్ప. "చీర మీయమ్మ కట్టె గానీ ఈ కండ్లే కుదరల్యా. గుడికి పోయే టైమాయె, నీ మాదిరి ఎట్ల దిద్దుకోవాల్నో బిన్నా చెప్పప్పా!"