బ్లాక్ అండ్ వైట్ మేడమ్

కండక్టరు బస్సు ఆపించి అందరి జేబులూ బోర్లించి చూపించమంటుంటే, తన వంతు వచ్చేలోపు గౌను జేబులో చెయ్యి పెట్టిన ఆమెకు తనది కాని పర్సొకటి చేతికి తగిలింది.

మగవాళ్ల పర్సు. లావుపాటిది. దాన్ని దాచాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. పైకి తీసి, "మీరు వెతుకుతున్నది ఇదేనా? నా జేబులో ఉంది. ఎలా వచ్చిందో నాకు తెలియదు," అంది.

"ఎలా వచ్చిందో తెలీదా? కాళ్లొచ్చి నడిచొచ్చిందా?" అన్నాడు పర్సు పోయినాయన, దాన్ని లాక్కుంటూ.

బస్సంతా ఆమెవైపు తిరిగింది. ఆ మాటకొస్తే బస్సు ఎప్పుడూ ఆమెవైపే తిరిగి ఉంటుంది. బుట్ట చేతుల పొడుగు గౌను, నడుముకు వెడల్పాటి బెల్టు, చేతులకు తొడుగులు, నెత్తిన గుడ్డపువ్వు కుట్టిన టోపీ. అమ్మమ్మల కాలం నాటి ఫ్యాషనంటే ఆమెకు ప్రాణం. బస్సులో వాళ్లకు మాత్రం అది పొద్దున్నే ఊరికే దొరికే కాలక్షేపం. "షూటింగా అమ్మా?" అని ఒకరు. "నాటకమా?" అని ఇంకొకరు. "ఎవరితోనన్నా పందెం ఓడిపోయావా?" అని మరొకరు. అడక్కుండా ఫొటో తీసేవాళ్లు, గౌను అంచు పట్టుకుని గుడ్డ నలిపి చూసేవాళ్లు సరేసరి. జవాబులు చెప్పి చెప్పి ఆమెకు విసుగు కూడా విసుగెత్తిపోయింది. కండక్టరైతే బ్లాక్ అండ్ వైట్ మేడమ్ అని పేరే పెట్టేశాడు.

ఒక్క పెద్దాయన మాత్రం ఏనాడూ ఆమెను తేరిపార చూడలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చంకలో సంచి. రోజూ ఆమె పక్కనే తలొంచుకుని నిలబడతాడు. బస్సు మొత్తానికి మర్యాద తెలిసిన మనిషి ఆయనొక్కడేనని ఆమె ఇంట్లో కూడా చెప్పింది.

"మేడమ్, మిమ్మల్ని అనడానికి నాకు నోరు రావట్లేదు," అన్నాడు కండక్టరు. "కానీ ఈమధ్య ఈ బస్సులో పర్సులు పోతూనే ఉన్నాయి. పోయిన వారం మీరు రాలేదు, ఒక్క పర్సూ పోలేదు. ఇప్పుడు మీరే చెప్పండి, బండి పోలీస్ స్టేషన్‌కు తిప్పమంటారా, వద్దా?"

ఆమె పని మందుల కొట్లో, గల్లాపెట్టె దగ్గర. దొంగతనం కింద స్టేషన్ మెట్లెక్కిన మనిషిని ఏ యజమాని అక్కడ మళ్లీ కూర్చోబెడతాడు?

"ఒక్క నిమిషం ఆగండి. ఇంతమంది నన్నే చూస్తూ కూర్చున్నారుగా. నా జేబులో ఎవరు చెయ్యి పెట్టారో ఒక్కరైనా చూసే ఉంటారు. చెప్పండి."

"నేను చూశాను," అంది ముందు సీట్లో నర్సు. "బెల్టు ఎర్రది. బకిల్ గుండ్రంగా ఉంది."

"చెయ్యి ఎవరిదంటే బెల్టు సంగతి చెప్తారేంటండీ?"

"టోపీ మీద పువ్వు ఇవాళ ఊదారంగు. నిన్న పసుపు," అన్నాడు వెనక నుంచి తాపీ మేస్త్రీ.

"చేతి తొడుగులకు ముత్యాల గుండీలు," అన్నాడు పర్సు పోయినాయన, తన గొడవ కాసేపు మరిచిపోయి. "కుడిచేతిది ఒకటి ఊడింది కూడా."

ఆమెకు తల బస్సు కమ్మీకేసి కొట్టుకోవాలనిపించింది. "నా గుండీల దాకా తెలుసు గానీ, నా పక్కన ఏం జరిగిందో ఎవరికీ తెలీదన్నమాట."

"నువ్విలా తయారై వస్తే ఇంకేం కనిపిస్తుందమ్మాయ్," అంది నర్సు.

ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. చటుక్కున కండక్టరువైపు తిరిగింది.

"పోయిన వారం నేను రాలేదని ఎవరు చెప్పారు? రోజూ వచ్చాను. గౌన్లన్నీ దర్జీ దగ్గరుంటే మామూలు ప్యాంటూ చొక్కా వేసుకొచ్చాను. మీరే టికెట్ ఇచ్చారు."

"అది మీరా?" కండక్టరు నోరు తెరిచాడు. "నేను పోల్చుకోలేదే."

"అంటే నేను వస్తే పర్సులు పోవట్లేదు. గౌను వస్తే పోతున్నాయి."

ఆమె చుట్టూ చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఒక్కరు తప్ప. పెద్దాయన కిటికీవైపు తిరిగి, బయట చూడ్డానికేమీ లేని గోడను శ్రద్ధగా చూస్తున్నాడు.

"బాబాయ్ గారూ," అంది ఆమె నెమ్మదిగా. "ఇటు తిరక్కండి. అలాగే ఉండి చెప్పండి. నా గౌను మీద ఏముంది?"

"గౌను మీదా?" పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఏముంటాయమ్మా... పువ్వులు."

"చుక్కలు," అంది బస్సంతా ఒక్క గొంతుతో.

కండక్టరు వచ్చి ఆయన చంకలోని సంచి మీద చెయ్యి వేశాడు. పెద్దాయన దాన్ని విడిపించుకోలేదు. మెల్లగా ఇటు తిరిగి, మొదటిసారి ఆమెను టోపీ నుంచి బూట్ల దాకా తీరిగ్గా చూశాడు.

"నిజంగానే బాగుంది తల్లీ," అన్నాడు. "వెతకడం మొదలుపెట్టేసరికి చేతిలో ఉన్నది పడెయ్యడానికి నీ జేబు తప్ప ఇంకేదీ అందలేదు, ఏమనుకోకు. ఇన్నాళ్లూ నీ గౌను చూసే తీరికెక్కడిది నాకు? వీళ్లంతా నిన్ను చూస్తున్నంతసేపూ, నేను వీళ్ల జేబులు చూసుకోవాలిగా."