లేదన్న జవాబు

“మీ నాన్నగారి పేరు ఇందులో లేదమ్మా.”

తహసీల్దారు కార్యాలయం గుమాస్తా కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు. తండ్రి మిగిల్చిపోయిన ఆ అర ఎకరానికి ఎదురుగా ముక్కూ ముఖమూ తెలియని మనిషి పేరు ఉంది.

“సర్వే నంబరు నూట పద్దెనిమిది. సరిగ్గా చూడండి సార్.”

“నేను ఎన్నిసార్లు చూస్తే మాత్రం పేరు మారుతుందా?”

వెనుక బెంచీ మీద కూర్చున్న పెద్దాయన చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచి వచ్చాడు.

“ఆ నంబరు మళ్ళీ ఒకసారి చెప్పమ్మా.”

చెప్పింది. ఆయన జేబులోని కాగితాన్ని చేత్తో ఒకసారి తడిమి చూసుకున్నాడు.

“సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. ఈ పేరు ఎప్పుడు ఎక్కింది, ఏ పత్రం చూసి ఎక్కించారు, అడుగుదాం.”

ఆమె కుట్టుపని చేసుకుని బతికే మనిషి. కార్యాలయాల్లో పిలవకుండా వచ్చి సాయం చేసేవారి గురించి చాలానే విన్నది.

“బేరమేదో ముందే చెప్పండి. తరవాత గొడవలొద్దు.”

“నాకు తీరిక ఎక్కువ తల్లీ. అదే నా బేరం.”

ఆయన చెప్పగా ఆమె రాసింది.

“దయచేసి అని ఒక్కసారి రాస్తే చాలమ్మా, నాలుగుసార్లు దేనికి? ప్రశ్న మాత్రం తప్పించుకునే సందు లేకుండా ఉండాలి.”

సంగతి తెలిసిన సాయంత్రం తల్లి అన్నం ముట్టలేదు.

“నాకు చెప్పకుండా అమ్ముకున్నాడన్నమాట. ముప్పై ఏళ్ళ కాపురంలో నా దగ్గర దాచిన మాట ఒకటుందన్నమాట.”

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆమె భర్త ప్రస్తావన రానివ్వలేదు.

కూతురు ఆ మాట పెద్దాయనకు చెప్పుకుని ఏడ్చింది.

“భూమి పోతే పోనివ్వండి బాబాయ్‌గారూ. నాన్న దాచలేదని అమ్మకి తెలిస్తే చాలు.”

మొదటి దరఖాస్తుకు జవాబే రాలేదు. అప్పీలు చేస్తే పక్క ఊరి శ్మశానం కొలతలు పంపారు.

“చూశారా? మనల్ని ఎక్కడికి పొమ్మంటున్నారో!”

“పోదాంలే, తొందరేముంది? ముందు జవాబు రానీ.”

మళ్ళీ రాశారు. మళ్ళీ తిరిగారు. ఒకనాడు ఆమెకు ఓపిక నశించింది.

“ఆ పేరున్నవాణ్ణే పట్టుకుని రాసిచ్చెయ్యమంటే పోలా? పరాయి సొమ్ము మీద హాయిగా కూర్చున్నాడు, వాడి చేతులు పడిపోను!”

పెద్దాయన కళ్ళజోడు తీసి తీరిగ్గా తుడుచుకున్నాడు.

“అతను రాసిస్తే అది అతని దానమవుతుంది. మీ నాన్న అమ్ముకున్నాడన్న మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. మీ అమ్మగారికి కావలసింది అది కాదుగా? తప్పు చెప్పిన కాగితమే తప్పయిందని ఒప్పుకోవాలి.”

ఆమెకు కోపం దిగిపోయింది.

“ఇంత చేస్తున్నారు, మీ పేరైనా చెప్పరేం?”

“బాబాయ్ అంటున్నావుగా. అంతకంటే మంచి పేరు నాకెవరూ పెట్టలేదు.”

ఎనిమిదో నెలలో జవాబు వచ్చింది. ఒక్కటే వాక్యం.

“పేరు మార్పునకు ఆధారమైన పత్రమేదియు ఈ కార్యాలయమున లభ్యము కాలేదు.”

ఆమె మెట్ల మీదే కూలబడింది.

“లేదంటున్నారు బాబాయ్‌గారూ! ఇంతా తిప్పి లేదంటున్నారు!”

ఆయన దగ్గుతూనే నవ్వాడు.

“పిచ్చితల్లీ, ఈ ‘లేదు’ కోసమేగా ఇన్నాళ్ళూ తిరిగాం! మీ నాన్న అమ్మి ఉంటే పత్రం ఉండేది. పత్రం లేదంటే అమ్మలేదు. ఇది జతచేసి అర్జీ పెట్టు. ఇక నీకు నాతో పని లేదు.”

ఆ తరువాత ఆయన కార్యాలయం వైపు రాలేదు.

విచారణ నాడు అధికారి దస్త్రం తిరగేసి చెప్పాడు.

“ఎదుటివారికి నోటీసు పంపాం. ఈ భూమి నాది కాదు, ఏనాడూ కాదు, పొరపాటున నా పేరు ఎక్కింది అని సంతకం చేసి పంపారు. ఇక అభ్యంతరమేముంది?”

ఆమె అధికారికి చేతులు జోడించింది.

సవరించిన పత్రంలో తండ్రి పేరు ఎక్కింది. దాని కింద, పూర్వపు నమోదు కార్యాలయపు పొరపాటేనని రాసి ఉంది. తల్లి ఆ వాక్యం మీద వేలు పెట్టి, కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. ఎవరూ లేని వైపు తిరిగి, “ఏమండీ” అన్నది.

తరువాతి మాటలు తాను వినదగినవి కావని కూతురు బయటికి వచ్చేసింది.

కార్యాలయం కాపలాదారును అడిగి పెద్దాయన ఇల్లు తెలుసుకుని, ఆ పత్రంతో వెళ్ళింది. ఆయన కూతురు తలుపు తీసింది.

“నాన్నగారు పోయి పన్నెండు రోజులైందమ్మా. కుట్టుపని అమ్మాయివి నువ్వేనా? నీ గురించి చెబుతుండేవారు. లోపలికి రా.”

ఆమె చాలాసేపు తల ఎత్తలేకపోయింది. ఇంటావిడ మంచినీళ్ళిచ్చి పక్కనే కూర్చుంది.

“ఆలస్యం చేశానక్కా. ముందు ఆయనకే చూపించాలనుకున్నాను.”

“ఆయన చూసినట్టేలే.”

“ఇంకొకరికి కూడా దణ్ణం పెట్టాలి. ఏడాది పొడుగునా నోటికొచ్చినట్టు తిట్టాను. తీరా చూస్తే, నాది కాదని ఆయనే రాసిచ్చేశారు.”

సంచిలోంచి భూమి రికార్డు పాత నకలు తీసి, అందులోని పేరు మీద వేలు పెట్టింది.

“ఈయన ఇల్లెక్కడో మీకేమైనా తెలుసా? వెళ్ళి క్షమించమని అడగాలి.”

ఇంటావిడ ఆ పేరు చదివి, ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఆ ఇంట్లోనే కూర్చున్నావమ్మా, అది మా నాన్నగారి పేరు.”