నజీర్ వేసిన స్ప్రింగు

"నీ స్ప్రింగు మళ్ళీ గట్టిపడిందయ్యా నజీరూ," అంటూ ప్రసన్నకుమార్ మాస్టారు షాపు ముందు గేర్ల సైకిలు దిగారు.

అదే మాట మెల్లగా అనుంటే ఏ గొడవా లేకపోను. వెనక బెంచీకి కూడా వినపడేట్టు మాట్లాడటం ఆయనకు బడిలో అయిన అలవాటు. టీ బంకు దగ్గరున్న నలుగురూ ఇటు తిరిగారు.

నజీర్‌కి ఒళ్ళు మండింది. చిలకలూరిపేటలో సైకిలు షాపులు బోలెడు. గాలితో పనిచేసే ముందు చక్రం షాకుల్ని విప్పి, లోపలి సరంజామా అంతా పీకేసి, స్ప్రింగు పెట్టిన మొనగాడు మాత్రం తనొక్కడే. చీమకుర్తిలో గ్రానైటు కొనడానికొచ్చిన తెల్లదొర ఎవరో వదిలేసిపోయిన సైకిలది. ఆ షాకుల్లో గాలి పూటపూటకీ దిగిపోయేది, మళ్ళీ కొడదామంటే మన పంపులు దానికి పట్టవు. "మీ బరువుకి సరిగ్గా సరిపోయే స్ప్రింగు వేస్తాను మాస్టారూ. ఇక జన్మలో దీని జోలికి రానక్కర్లేదు," అని నలుగురిలో మాటిచ్చాడు. ఆ మాటే ఇప్పుడు పీకల మీదికొచ్చింది.

గట్టిగా ఉందంటూ మాస్టారు రావడం ఇది మూడోసారి. వచ్చినప్పుడల్లా తుక్కు కొట్లన్నీ గాలించి, ముందు దానికంటే సన్నతీగ స్ప్రింగు వేశాడు నజీర్. అయినా మళ్ళీ అదే పాట.

"స్ప్రింగన్నాక వాడేకొద్దీ మెత్తబడుద్ది గానీ గట్టిపడదండీ."

"అంటే నేను అబద్ధాలాడుతున్నానా?"

"నేనట్టా అన్లేదు."

"మరెట్టా అన్నావు? హైవే పనులని రోడ్డంతా తవ్విపోశారు. గుంతలో పడ్డప్పుడల్లా దెబ్బ తిన్నగా భుజాలకి తగులుతోంది. బడికెళ్ళేసరికి సుద్దముక్క ఎత్తే ఓపిక కూడా ఉండట్లేదు."

జిన్నింగు మిల్లు ఫిట్టరు గౌస్ బాషా టీ ఊదుకుంటూ, "గాలి పెట్టిన దొర తెలివితక్కువోడు, తీసేసిన మన నజీరు తెలివైనోడు," అన్నాడు. బంకు దగ్గర నవ్వులు లేచాయి.

నజీర్ సైకిలు లాక్కుని ఎక్కాడు. అతను మనిషంటే మనిషి కాదు, కొయ్యకి చొక్కా తగిలించినట్టుంటాడు. ఎదురుగా ఉన్న గుంతలోకి దింపాడు. షాకులు మెత్తగా కుంగి మెత్తగా లేచాయి.

"చూశారా? ఇది గట్టిగా ఉందా?"

మాస్టారు సైకిలందుకుని అదే గుంతలోకి దిగారు. షాకులు సరిగ్గా కుంగనే లేదు. ఆయన పళ్ళు టకటకమన్నాయి.

"సైకిలు కూడా మాస్టారి ముందు బిగుసుకుపోతోందిరోయ్," అన్నాడు గౌస్ బాషా.

నజీర్‌కి పౌరుషం తన్నుకొచ్చింది. "మీరు మొదట్లోనే బరువు తప్పు చెప్పారు మాస్టారూ. డెబ్బై ఆరన్నారు. అంత బరువే ఉంటే ఈ స్ప్రింగు కుంగి తీరాలి."

"గుంటూరు స్టేషన్లో రూపాయి వేసి చూసుకున్న బరువయ్యా అది!"

"అయితే పదండి, ఇక్కడే తేలుద్దాం. తప్పు నాదైతే స్ప్రింగు తీసి రోడ్డు మీద పారేసి, పని మానుకుంటా."

"నాదైతే ఇదే బంకు దగ్గర నీకు క్షమాపణ చెప్తా. పద."

పక్కనే మిల్లు కాటా. టీ గ్లాసులతో సహా నలుగురూ వెంట నడిచారు. కాటా వేసే ఏసోబు ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. పత్తి మూటలు పక్కకి నెట్టి చోటు చేశాడు.

ముందు నజీర్ ఎక్కాడు. "అరవై," అన్నాడు ఏసోబు.

మాస్టారు చెప్పులు విడిచి ఎక్కారు. ఏసోబు కడ్డీ మీద గుండు జరిపాడు. ఆగి, వెనక్కి జరిపాడు. ఇంకాస్త వెనక్కి జరిపాడు.

"యాభై."

"సరిగ్గా చూడరా."

"చూశానండీ."

మాస్టారు పెద్దగా నవ్వేశారు. "ఓరి నీ అలవాటు తగలెయ్య. తేమ ఉందనీ, గోతం బరువనీ రైతుల పత్తికి కోసినట్టు, నాకు కూడా తరుగు తీశావట్రా?"

అందరూ నవ్వారు. ఏసోబు నవ్వలేదు.

"తియ్యలేదు మాస్టారూ," అన్నాడు గొంతు తగ్గించి.

గెలిచాననే కేక నజీర్ నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన వచ్చినప్పుడల్లా సైకిలునే చూశాడు. ఇప్పుడు మనిషిని చూశాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త బొక్కలు కనిపించాయి, ఒకదాని పక్కన ఒకటి. నజీర్‌కి భయమేసింది. తన మీద తనకే అసహ్యం కూడా వేసింది.

"ఏమంటావయ్యా? తప్పెవరిది?" మాస్టారు ఇంకా కాటా మీదే నిలబడి, నవ్వుతూనే అడిగారు.

నజీర్ చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"నాదేనండీ. స్ప్రింగు నాసిరకం," అన్నాడు, బంకు దాకా వినపడేట్టు. "ఏసోబు కూడా తరుగు తీశాడు. పదండి మాస్టారూ, బస్సెక్కుదాం, గుంటూరు పెద్దాసుపత్రిలో తరుగు తీయని కాటా ఉంది."