చివరి బిన్‌లో ఒక్క బ్యాగు

విమానంలో చివరి వరస సీట్ల పైన ఉన్న సామాన్ల బిన్ తెరిచి చూశాడు ఇవాన్. లోపల తన బ్యాగు ఒక్కటే ఉంది. దాని పక్కన ఇంకో మూడు ఉండాలి.

ఎదురు వైపు బిన్ తెరిచాడు. అదీ ఖాళీ. ఇంకాసేపట్లో ప్రయాణికులు విమానం ఎక్కుతారు. ఇవాన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

నిన్న సాయంత్రం అందరూ కలిసి అనుకున్న మాట ఇది. పోర్ట్ బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర టీకొట్టు బల్ల మీద కూర్చుని మరీ అనుకున్నారు. తను, అబిగేలు, కెల్విన్, మధులత. నలుగురూ ఒకే విమానంలో సిబ్బంది. నలుగురూ అండమాన్‌లో పుట్టి పెరిగినవాళ్లే.

గొడవంతా బ్యాగుల గురించి. ఇదివరకు సిబ్బంది తమ బ్యాగులు చివరి బిన్‌లో పెట్టుకునేవాళ్లు. ఈమధ్యే కంపెనీకి జ్ఞానోదయమైంది. బిన్‌లన్నీ ప్రయాణికులవేనట. సిబ్బంది తమ బ్యాగులకి ట్యాగు వేయించి, విమానం కడుపులో సామాన్లతో పాటు పడేయాలట. పైన కనబడితే సస్పెన్షనట.

పడేస్తే పడేశారు, అవి ఊరు చేరితే కదా. పోర్ట్ బ్లెయిర్‌లో ఎండ ముదిరినా, గాలి తిరిగినా విమానం బరువు తగ్గించాలంటారు. అప్పుడు మొదట దించేసేది సిబ్బంది బ్యాగులే. వాళ్లయితే కౌంటరు దగ్గర కేకలు వేయరు. మధులత ఇంటి తాళంచెవి అలా ఇక్కడే ఉండిపోతే, చెన్నైలో ఆ పిల్ల పక్కింటివాళ్ల సోఫాలో పడుకుంది. అబిగేలు ఉన్న ఒక్క యూనిఫారం ఉతుక్కుని, తడి ఆరకముందే తొడుక్కుని, వారం రోజులు తుమ్మింది. కెల్విన్‌కి జరిగింది మరీ అన్యాయం. గడ్డం గీసుకునే సామాను బ్యాగుతో పాటు ఆగిపోయింది. గడ్డం ఎందుకు పెరిగిందని అదే కంపెనీ మెమో ఇచ్చింది.

"రేపు ఎవ్వరం ట్యాగ్ వేయించొద్దు," అన్నది ఇవానే. "నాలుగు బ్యాగులూ పైనే పెట్టేద్దాం. నలుగుర్నీ ఒకేసారి సస్పెండ్ చేస్తే ఫ్లైట్ ఎవడు తీసుకెళ్తాడు? క్యా బోల్తే, ఏమంటారు?"

కెల్విన్ వెంటనే చేతిలో చెయ్యేశాడు. మధులత కాసేపు గోళ్లు కొరుక్కుని తనూ వేసింది. అబిగేలు మాత్రం ఇవాన్ మొహంలోకి చూసింది. నలుగురిలో పెద్దది ఆవిడే.

"మరి నీ సంగతేటి? నీ ట్రాన్స్‌ఫర్ మేనేజర్ సార్ చేతుల్లో ఉంది కదా. ఈ లఫ్డాలో పడితే అది గయా."

ఆవిడ అన్నది నిజమే. ఇవాన్ భార్య వెరోనికా పోర్ట్ బ్లెయిర్‌లోనే నర్సు. అతని ఉద్యోగం చెన్నైలో. రాత్రి బస ఇక్కడ పడిన రోజునే ఇంటి మొహం చూడటం. రెండేళ్ల కూతురు అతన్ని చూస్తే తల్లి వెనక దాక్కుంటుంది. మొన్న అంకుల్ అని పిలిచింది. పోర్ట్ బ్లెయిర్ ఎయిర్‌పోర్టులో ఏదైనా కౌంటరు పని ఇవ్వమని ఆ పాప పుట్టినప్పటి నుంచీ అడుగుతున్నాడు. ఆ బదిలీ తప్ప అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

"దాని సంగతి నేను చూసుకుంటాను దీదీ," అన్నాడు ఇవాన్. "మీరు మాట మీద ఉండండి, చాలు."

ఉంటామన్నారు. కెల్విన్ అయితే ప్రభువు తోడు అని కూడా అన్నాడు.

ఇవాన్ బిన్ మూత ధడేల్మని వేసి వెనక టీ, టిఫిన్లు సర్దే గ్యాలీలోకి వెళ్లాడు. ముగ్గురూ అక్కడే టీ కప్పులు సర్దుతున్నారు.

"మీ బ్యాగులేవి?"

మధులత సర్దిన కప్పునే మళ్లీ సర్దింది.

"ట్యాగ్ వేయించేశాం భయ్యా," అన్నాడు కెల్విన్, నేల చూపులు చూస్తూ.

"ముగ్గురూనా?"

"ముగ్గురం."

చేతిలో చెయ్యేసి ఒక్క రాత్రి గడవలేదు. మాట మార్చుకున్నవాళ్లు ఒక్క ఫోనైనా చేయలేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో అతనికి ఇప్పుడు తెలిసింది.

"ఒక్కరికైనా నాతో చెప్పాలనిపించలేదా? నన్నొక్కణ్ణీ నిలబెట్టేశారు కదా. దీన్నే ధోఖా అంటారు." ఏడుపొకటే తక్కువ.

అబిగేలు దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యేసింది.

"చెప్తే నువ్వు ఒప్పుకోవు. నువ్వెళ్లాక ముగ్గురం కూర్చుని ఆలోచించాం. మా బ్యాగులు ఇవాళ కాకపోతే రేపొస్తాయి. నీ ట్రాన్స్‌ఫర్ పోతే మళ్లీ రాదురా. పాప నిన్ను అంకుల్ అంటోందని చెప్పావు చూడు, నాకు ముద్ద దిగలేదు. నీ బ్యాగ్ కూడా పంపించేద్దాం, ఇంకా టైముంది."

కెల్విన్ అప్పటికే ఇవాన్ బ్యాగు దించుకుని వెనక మెట్ల వైపు పరిగెత్తాడు.

ఇవాన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి మధులత కూడా ముక్కు ఎగబీల్చింది.

అంతలో స్టేషన్ మేనేజరు దేవేంద్ర ముందు వైపు మెట్లెక్కి వచ్చాడు. ఏసీ గది దాటి బయటికి రాని మనిషి, ఇద్దరు సెక్యూరిటీ వాళ్లని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. తిన్నగా చివరి వరస దగ్గరికి వెళ్లి రెండు బిన్‌లూ తెరిచాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. ఇవాన్ వంక ఒకసారి చూసి వెనక్కి తిరిగాడు.

"బతికిపోయాం," అంది అబిగేలు మెల్లగా. "నీ ట్రాన్స్‌ఫర్ కూడా బతికింది."

ముగ్గురినీ బ్యాగులతో సహా పట్టిస్తే బదిలీ ఇప్పిస్తానని నిన్న మధ్యాహ్నం తనకు మాటిచ్చిన దేవేంద్ర మెట్లు దిగి వెళ్లిపోతుంటే, ఇవాన్ అలా చూస్తూ నిలబడిపోయాడు.